కంకర తోలడానికి పాత పంపు ఇంజినా, డీపీఎఫ్ ఉన్న కొత్త ఇంజినా?

పధ్నాలుగేళ్లు ఇతరుల లారీలు నడిపి, ఇప్పుడు తమ్ముడితో కలిసి సొంత బండి కొనబోతున్న ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఇద్దరూ కూడబెట్టిన సొమ్ము ఒక్క సెకండ్‌హ్యాండ్ టిప్పర్‌కే సరిపోతుందట. ఆ బండి తేడా వస్తే మళ్లీ మొదటినుంచి కూడబెట్టే ఓపిక లేదంటున్నారు.

చూసినవి రెండు. మొదటిది ఇరవై రెండేళ్ల బండి: ఆరు సిలిండర్లు, టర్బో, పాత ఇన్‌లైన్ పంపు (కంప్యూటర్ లేకుండా ఇంజెక్టర్లకు డీజిల్ పంపేది). ఎనిమిది నెలల కిందట ఇంజిన్ మొత్తం ఓవర్‌హాల్ చేయించామని చెప్పి లైనర్లు, పిస్టన్లు, రింగుల బిల్లులు చూపించారు. రెండోది ఆరేళ్ల బండి: కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే పద్ధతి), ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపేది), డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్), యూరియా ట్యాంకు అన్నీ ఉన్నాయి. మీటరు మీద 3,90,000 కిలోమీటర్లు. "అంతా హైవే మీద తిరిగిందే" అని అమ్మేవాడి మాట. స్కానర్ పెడితే ఇంజిన్ గంటలు 15,600 అని వచ్చాయి, అది ఎక్కువో తక్కువో తెలియలేదన్నారు. డాష్‌బోర్డు మీద ఫిల్టర్ లైటు అప్పుడప్పుడూ వెలుగుతుందట. "కావాలంటే ఆ డబ్బా లోపలిదంతా తీయించి ఇస్తా, ఇక గొడవే ఉండదు" అని కూడా అన్నాడట.

ఇక పని: క్రషర్ నుంచి కంకర తోలడం. ఒకవైపు 15 కిలోమీటర్లు, రోజుకు ఆరు ట్రిప్పులు. లోడింగ్ వరసలోనే రోజూ రెండు మూడు గంటలు పోతాయి. వచ్చే ఏడాది దూరప్రయాణం లోడ్లు దొరకవచ్చని ఆశ. ముప్పై ఏళ్లుగా మెకానిక్ పని చేస్తున్న మేనమామ "ల్యాప్‌టాప్ పెడితే గానీ జబ్బు తెలియని బండి నా షెడ్డుకి తేవద్దు" అంటున్నారు. తమ్ముడేమో "ఆ పొగ బండి తెస్తే నేను స్టీరింగ్ పట్టను" అంటున్నాడు. "ఎవరి మాట విన్నా రెండోవాళ్లతో మాటలు పోతాయి. నిద్ర పట్టడం లేదు" అని ఉత్తరం ముగించారు.

జవాబు:

ముందు ఒక చిన్న లెక్క వేయండి. 3,90,000ని 15,600తో భాగిస్తే 25 వస్తుంది. అంటే ఇంజిన్ తిరిగిన ప్రతి గంటకూ ఆ బండి కదిలింది సగటున 25 కిలోమీటర్లే. నిజంగా హైవే మీద తిరిగిన లారీకి ఈ అంకె 45, 50 దాకా ఉంటుంది. కాబట్టి మూడింట్లో ఒకటి జరిగి ఉండాలి. ఆ బండి మీలాగే దగ్గరి ట్రిప్పులు తోలి ఉండాలి, లేదా గంటల తరబడి ఇంజిన్ స్లోలో పెట్టి నిలబెట్టి ఉండాలి, లేదా మీటరు వెనక్కి తిప్పి ఉండాలి. గంటకు 50 లెక్కన చూస్తే 15,600 గంటలంటే 7,80,000 కిలోమీటర్ల వయసు. ఈసారి స్కానర్ పెట్టినప్పుడు ఐడిల్ గంటలు (బండి కదలకుండా ఇంజిన్ తిరిగిన గంటలు), మొత్తం తాగిన డీజిల్ కూడా చూపించమనండి. చాలా ఈసీయూల్లో, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్లలో, ఆ రెండూ నమోదై ఉంటాయి. మొత్తం డీజిల్‌ని కిలోమీటర్లతో పోల్చినప్పుడు మైలేజీ నమ్మలేనంత తక్కువగా కనిపిస్తే మీటరు మీద అనుమానపడాల్సిందే.

ఈ లెక్క ముందు చెప్పింది మీ తమ్ముడి ఎంపికను కొట్టిపారేయడానికి కాదు. మీ ఇంట్లో గొడవ పాతా కొత్తా అన్న మాటల చుట్టూ తిరుగుతోంది, కానీ ఆ మాటల్లో సరుకు లేదు. కామన్ రైల్ లారీల్లోకి వచ్చింది 1995లో, జపాన్‌లో. అదేమీ నిన్నటి వింత కాదు. మీకు అసలు తేడా తెచ్చేది ఇంజిన్ వెనక, పొగ గొట్టం దారిలో ఉంది. పెద్ద లారీలకు యూరప్‌లో 2013 చివరినుంచి యూరో 6 పొగ నిబంధన తప్పనిసరైంది. అమెరికాలో 2007 నిబంధనలతో డీపీఎఫ్, 2010 నిబంధనలతో యూరియా పద్ధతి వచ్చాయి. భారత్‌లో అలాంటి నిబంధనే అయిన బీఎస్ 6 అమలైంది 2020 ఏప్రిల్ 1న. అందుకే బండి వయసెంత అని కాకుండా, అది ఏ నిబంధన కింద తయారైందని అడగండి.

మామయ్యగారి మాటలో బలం ఉంది. ఇన్‌లైన్ పంపులో ప్రతి సిలిండర్‌కూ ఒక ప్లంజర్, నాజిల్ తెరుచుకునేది 200–250 బార్ ఒత్తిడి దగ్గర. ఇలాంటివి చాలావరకు ఒకసారి సెల్ఫ్ కొట్టి స్టార్టయ్యాక కరెంటు లేకపోయినా తిరుగుతూనే ఉంటాయి. చెడిపోవడం కూడా చెప్పి చెడిపోతాయి: ఉదయం స్టార్టవడానికి మొండికేస్తాయి, పొగ పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. అయినా ఆ రోజు లోడు దించి ఇంటికొస్తారు. కామన్ రైల్లో ఒత్తిడి 1,600 నుంచి 2,000 బార్, కొన్నింట్లో అంతకన్నా ఎక్కువ. ఇంజెక్టర్ లోపలి సందులు ఒకటి రెండు మైక్రాన్లే. డీజిల్లో కాస్త నీరు, సన్నటి దుమ్ము చాలు వాటిని గీరేయడానికి. పైగా సెన్సర్‌కు నచ్చకపోతే ఈసీయూ బలం కోసేస్తుంది. లోడుతో ఎక్కుడులో ఉన్నా సరే.

తమ్ముడి మాటా కాదనలేం. బాగున్న కామన్ రైల్ ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది, చప్పుడు తక్కువ, పొగ కనబడదు. రోజుకు పన్నెండు గంటలు దాని మీద కూర్చునేవాడికి ఆ తేడా నడుముకీ చెవులకీ తెలుస్తుంది. బండి నడిపేది అతనైనప్పుడు దాన్ని సోకు అని తీసిపారేయకూడదు.

ఇప్పుడు మీ పని సంగతి. డీపీఎఫ్ అంటే మసిని పట్టి ఉంచే జల్లెడ. పట్టిన మసి కాలిపోవాలి. లోడుతో ఆగకుండా లాగుతున్నప్పుడు పొగ 300 డిగ్రీలు దాటితే మసి కొంత దానంతటదే కాలుతుంది. చాలకపోతే బండి అదనంగా డీజిల్ చల్లి 550–600 డిగ్రీలకు తీసుకెళ్లి కాలుస్తుంది. దీన్నే రీజెన్ అంటారు. మొదలయ్యాక అది ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా సాగాలి. క్రషర్ దగ్గర స్లోలో నిలబెట్టిన ఇంజిన్ పొగ 100–150 డిగ్రీలు దాటదు. మసి పేరుకుంటుంది గానీ కాలదు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి యూరియా చల్లే ఎస్‌సీఆర్‌ది కూడా ఇదే బాధ. పొగ సుమారు 200 డిగ్రీలు దాటితేనే అది పనిలోకి దిగుతుంది. చాలీచాలని వేడిలో చల్లితే యూరియా తెల్లగా గడ్డకట్టి గొట్టంలోనే ఉండిపోతుంది.

రీజెన్ మధ్యలో ఇంజిన్ ఆపేస్తూ ఉంటే ఇంకో చిక్కు. చాలా ఇంజిన్లలో ఆ అదనపు డీజిల్ సిలిండర్లోనే, ఆలస్యంగా చల్లుతారు. కొంత గోడల మీదుగా కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. అందుకే ఈ ఇంజిన్లలో ఆయిల్ తగ్గిందా అని మాత్రమే కాదు, పెరిగిందా అని కూడా చూడాలి. డిప్‌స్టిక్ మీద గీత దాటి ఉండి, వేళ్ల మధ్య రుద్దితే పల్చగా జారి డీజిల్ వాసన వస్తే అక్కడే ఆగిపోండి. బేరింగులు ఆ ఆయిల్ మీదే తిరుగుతున్నాయి.

అలాగని మీ పనికి డీపీఎఫ్ బండి పనికిరాదని తేల్చేయలేం. లోడుతో వచ్చే 15 కిలోమీటర్లలో ఎక్కుడు ఎంత ఉందో మీరు రాయలేదు. క్రషర్ గుంటలోంచి పైకి లాగే దారి అయితే పొగ బాగానే వేడెక్కుతుంది. వరసలో నిలబడ్డప్పుడు ఇంజిన్ ఆపేసే అలవాటు చేసుకుంటే సగం గొడవ తప్పుతుంది. స్లోలో పెద్ద ఇంజిన్ గంటకు రెండు మూడు లీటర్లు తాగుతుంది కాబట్టి ఆ డీజిల్ కూడా మిగులుతుంది. దారి చదునుగా ఉండి, ముందు బండి కదిలినప్పుడల్లా నాలుగు గజాలు జరగాల్సిన వరస అయితే మాత్రం ఈ ఫిల్టర్ మిమ్మల్ని తరచూ పక్కన నిలబెడుతుంది.

"డబ్బా లోపలిది తీయించి ఇస్తా" అన్న మాటకు ఒప్పుకోకండి. అమెరికా, యూరప్ సహా చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం. తనిఖీలో పట్టుబడితే నిలిచిపోయేది మీ పేరున్న బండే. చట్టం సంగతి అటుంచి పని సంగతి చూసినా నష్టమే. ఒట్టి డబ్బాతో బండి నడవాలంటే ఈసీయూ ప్రోగ్రామ్‌ని ఎవరో మార్చాలి. ఆ మార్పుతో ఇంకేం చెరిపేశారో తర్వాత వచ్చే మెకానిక్‌కు కనబడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఫిల్టర్ మాటిమాటికీ నిండటం చాలాసార్లు జబ్బు కాదు, జబ్బు తాలూకు గుర్తు. కారుతున్న ఇంజెక్టర్, ఆయిల్ వదులుతున్న టర్బో, తెరుచుకుని ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వ్, వీటిలో ఏదో ఒకటి మసి ఎక్కువ పంపుతుంటే ఫిల్టర్ నిండుతుంది. ఫిల్టర్ తీసేస్తే లైటు ఆరుతుంది, ఇంజెక్టర్ కారుతూనే ఉంటుంది.

ఆ డబ్బా ఇప్పటికే ఖాళీ చేసి ఉండొచ్చు కూడా. పరీక్ష సులువు: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తెల్లగుడ్డ చుట్టిన వేలితో పొగ గొట్టం లోపలివైపు తుడవండి. డీపీఎఫ్ బాగుంటే గుడ్డ దాదాపు తెల్లగానే వస్తుంది. మహా అయితే బూడిదరంగు మరక. వేలు ముంచినట్టు నల్లగా వచ్చిందంటే లోపలి జల్లెడ పగిలింది, లేదా లేదు.

కొత్త బండిని ఇంకా పరీక్షించాలంటే స్కానర్‌లో ఫిల్టర్ మసి శాతం, బూడిద శాతం, చివరి రీజెన్ల మధ్య దూరం చూడండి. మసి కాలుతుంది, బూడిద కాలదు. అది ఆయిల్లోని కలుపుల నుంచి వస్తుంది, ఫిల్టర్ విప్పి శుభ్రం చేయిస్తేనే పోతుంది. రీజెన్ల మధ్య దూరం రానురాను తగ్గి 100–150 కిలోమీటర్లకు దిగిందంటే మసి ఎక్కడినుంచి వస్తోందో వెతికాకే బేరం. తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలు (మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లేవి) విప్పి ఒక్కోదాని కింద ఒక్కో సీసా పెట్టి, ఇంజిన్‌ని రెండు నిమిషాలు స్లోలో నడపండి. అన్ని సీసాల్లో డీజిల్ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒకదాంట్లో మిగతావాటికి రెట్టింపు ఉంటే ఆ ఇంజెక్టర్ అరిగింది. కూలెంట్ ఎక్కడా కారకుండానే తగ్గుతోందంటే ఈజీఆర్ కూలర్ లోపల చిల్లి పడిందేమో చూడాలి. యూరియా ట్యాంకు మూత తీసి టార్చి వేయండి. పైన నూనె తెట్టులా తేలుతుంటే ఎవరో డీజిల్ పోశారు, ఆ పంపుకీ గొట్టాలకీ ఆయుష్షు లేనట్టే.

ఇక పాత బండి. చూపించిన బిల్లులు లైనర్లు, పిస్టన్లు, రింగులవి. మంచిదే, కానీ అది సగం పని. మెయిన్ బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు మార్చారా? క్రాంకు గ్రైండింగ్ చేయించి ఉంటే ఏ అండర్‌సైజు బేరింగులు వేశారు? హెడ్డు పరీక్షించి వాల్వ్ గైడ్లు వేశారా? ఆయిల్ పంపు? పంపూ నాజిళ్లూ బెంచి మీద క్యాలిబ్రేషన్ చేయించిన కాగితం ఉందా? పైన కొత్త రింగులు పడితే కంప్రెషన్ పెరుగుతుంది, ఆ దెబ్బ కింద ఉన్న పాత బేరింగుల మీద పడుతుంది. "మొత్తం ఓవర్‌హాల్" అన్నవాడు ఈ ప్రశ్నలకు తడబడితే అది పైపై పని అని అర్థం.

పంపు మీద సీసపు సీలు ఉందో లేదో చూడండి. తెగి ఉంటే ఎవరో డీజిల్ స్క్రూ పెంచి ఉంటారు. లాగుడు బాగుంటుంది, నల్లపొగ వస్తుంది, ఎక్కుడులో పిస్టన్ తలలు కాలతాయి. ఆయిల్ ఫిల్లర్ మూత తీసి ఆ రంధ్రం మీదే బోర్లించి పెట్టండి. వేడెక్కిన ఇంజిన్ మీద మూత కాస్త వణకడం మామూలే. ఎగిరి పడుతున్నా, రైలింజన్‌లా గుప్పుగుప్పున పొగ తన్నుతున్నా ఎనిమిది నెలల రింగులు అప్పుడే పోయినట్టు. బాగా వేడెక్కాక స్లోలో ఆయిల్ ప్రెషర్ 1 బార్‌కు తగ్గకూడదు, 2,000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 3 బార్ చూపాలి. బండికున్న గేజ్ నమ్మకుండా మామయ్యగారి గేజ్ బిగించండి. రేడియేటర్‌లో ఉన్నది కూలెంటా, ఒట్టి నీళ్లా కూడా చూడండి. తడి లైనర్ల ఇంజిన్లో కలుపు లేని నీళ్లు నెలల తరబడి పోస్తే లైనర్ బయటివైపు సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి, చివరికి నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటి తెట్టు ఉంటే అది దీని గుర్తే కావచ్చు.

ఇంజిన్ గొడవలో పడి చాసీ మీద వెల్డింగ్ అతుకులు, టిప్పింగ్ జాకీ ఆయిల్ కారడం, కింగ్‌పిన్ లూజు చూడటం మరచిపోకండి. టిప్పర్ చాసీ విరిగాక ఏ ఇంజిన్ ఉంటేనేం.

మీ ముందు ఉన్న దారులు ఇవి.

పాత బండి తీసుకుంటే, పైన చెప్పినవన్నీ సరిపడితే, ఇప్పటి పనికి అది సరిపోతుంది. కానీ రెండు తలుపులు మూసుకోవచ్చు. దూరప్రయాణం లోడ్లు వచ్చినప్పుడు ఆ బండిని కొన్ని నగరాల్లోకి రానివ్వకపోవచ్చు. పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఢిల్లీ ప్రాంతంలో పెట్టిన ఆంక్షలు, పెద్ద లారీలకు 2021 నుంచి లండన్ పెట్టిన యూరో 6 షరతు అలాంటివే. మీ రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్ ఇంకా ఎన్నేళ్లు పొడిగిస్తారో అడిగి తెలుసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి. రెండో తలుపు మామయ్యగారే. ఆయన చేతిపని మీద ఆధారపడి కొంటున్నారు కదా, ఇంకో ఆరేడేళ్లు ఆయన షెడ్డు నడుపుతారా? ఆ పంపు బెంచి మీద పెట్టి సరిచేయగలవాళ్లు ఇంకా ఎవరున్నారు?

ఇప్పుడు చూసిన కొత్త బండే తీసుకోవాలనుకుంటే, ధరని "హైవే బండి" ధరగా కాక 15,600 గంటల ధరగా మాట్లాడండి. కొన్నాక కనీసం ధరలో ఐదోవంతు చేతిలో ఉంచుకోవాలి. ఫిల్టర్ శుభ్రం, ఒకటో రెండో ఇంజెక్టర్లు, ఒక నాక్స్ సెన్సర్ (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది) మొదటి ఏడాదే రావచ్చని లెక్కవేసుకోండి. యూరియా ద్రావణం డీజిల్లో 3 నుంచి 6 శాతం దాకా ఖర్చవుతుంది. రోజుకు 50 లీటర్ల డీజిల్ పోస్తే ఒకటిన్నర నుంచి మూడు లీటర్లు. అది 32.5 శాతం ద్రావణమే కావాలి, డబ్బా మీద ఐఎస్ఓ 22241 గుర్తుండాలి. ఎరువుల యూరియా నీళ్లలో కలిపి పోస్తే మలినాలు క్యాటలిస్టును పాడుచేస్తాయి. ఇంజిన్ ఆయిల్ తక్కువ బూడిద రకమే పోయాలి. డీజిల్లోని నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్‌ను తెల్లారి లేవగానే విప్పి, చేరిన నీళ్లు వదలాలి. ఆ పని క్లీనర్ మీద వదిలేయకుండా మీలో ఒకరు చేయాలి. ఫిల్టర్లు గడువుకు ముందే మార్చండి.

ఇంకో రకం బళ్లున్నాయి, మీరు చూసినట్టు లేరు. కామన్ రైల్ ఉండి డీపీఎఫ్ లేనివి. యూరో 4, యూరో 5 కాలపు లారీల్లో చాలావాటికి ఈజీఆర్ గానీ, యూరియా పద్ధతి గానీ ఏదో ఒకటే ఉంది. దగ్గరి ట్రిప్పులకు ఫిల్టర్ బెడద లేదు, తమ్ముడికి కావలసిన లాగుడు ఉంటుంది, మామయ్యగారికి కొత్తగా నేర్చుకోవాల్సింది స్కానర్ ఒక్కటే. ఇంజెక్టర్ల జాగ్రత్త మాత్రం అంతే కావాలి. నేనైతే రెండు నెలలు ఆగైనా అలాంటిది ఒకటి చూసేవాణ్ని. కానీ ఆగితే ఈ క్రషర్ పని చేయిజారుతుందో లేదో మీకే తెలుసు.

వచ్చే ఏడాది దూరప్రయాణం ఖాయమని చేతిలో కాగితం ఉంటే మొత్తం లెక్క తిరగబడుతుంది. అప్పుడు డీపీఎఫ్ బండే నయం, గంటలతో కిలోమీటర్లు సరిపోయే ఇంకొకటి వెతకండి. ఆశ ఒక్కటే ఉంటే ఇప్పటి పనికే కొనండి.

మాటలు పోతాయన్న భయం గురించి ఒక మాట. ఎవరి బండిని వాళ్లు పరీక్షించకుండా మార్చి అప్పగించండి. పాత బండి బిల్లులు, క్రాంకు సైజు, పంపు కాగితాలు, ఫిట్‌నెస్ గడువు సేకరించడం తమ్ముడి పని. కొత్త బండి డిప్‌స్టిక్, తెల్లగుడ్డ, రిటర్న్ సీసాలు, కూలెంట్ మామయ్యగారి పని. ఆ పరీక్షలకు ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ముప్పై ఏళ్ల చేతులు చాలు. ఎవరైనా తను వద్దన్న బండిలో మంచి కనిపెట్టి చెప్పినా, మోజుపడ్డ బండిలో లోపం ఒప్పుకున్నా, అక్కడినుంచి మాట్లాడుకోవడం తేలిక.

రెండు చోట్లకూ ముందురోజు ఫోన్ చేసి, "మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. తెల్లవారుజామునే వెళ్లి, బానెట్ ఎత్తగానే బ్లాకు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే ఆ రోజుకు ఏ పరీక్షా చేయకుండా వెనక్కి వచ్చేయండి. మరుసటి రోజు చెప్పకుండా వెళ్లండి.